గడ్డకట్టిన రొయ్య, రేడియో తరంగం, కరెంటు తీగ: నెల్లూరు తీరం దృష్టిలో ఒక సమీక్ష

కావలి, అల్లూరు, విడవలూరు మండలాల నుంచి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మీదుగా దక్షిణానికి సాగే నెల్లూరు తీరపు రొయ్యల గుంటల్లో పట్టుబడి జరిగిన సరుకులో అధిక భాగం మైనస్ 18 డిగ్రీలకో అంతకంటే తక్కువకో గడ్డకట్టిన స్థితిలోనే ఓడ ఎక్కుతుంది. గుంట గట్టున ఐసులో పెట్టిన క్షణం నుంచి విదేశీ దుకాణంలోని ఫ్రీజరు దాకా ఆ సరుకు చేసే ప్రయాణమంతా చల్లదనాన్ని కాపాడుకోవడమే కాబట్టి, రొయ్యల పరిశ్రమను గురించి రాసినవారు సహజంగానే శీతలీకరణ మీద దృష్టి పెట్టారు. గడ్డకట్టిన సరుకును మళ్లీ పనికి తెచ్చుకోవడానికి వేడిని ఎలా, ఎంత సమంగా, ఎంత ఖర్చుతో లోపలికి పంపాలన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. ఆ ప్రశ్నకు సుమారు తొమ్మిది దశాబ్దాలుగా వెలువడుతున్న సమాధానాల్లో రేడియో తరంగాలతో వేడిచేయడం ఒకటి. దాని చరిత్రను పొయ్యిల చరిత్రగా చెప్పుకోవడం ఆనవాయితీ. నిజానికి అందులోని ప్రతి ముందడుగూ పొయ్యికి వెనక ఉన్న విద్యుత్ సరఫరా నుంచి వచ్చిందేననీ, నెల్లూరు తీరంలో ఈ సాంకేతికత నిలుస్తుందా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ముందుగా వేడి పుట్టే తీరును చూడాలి. రెండు లోహపు పలకల మధ్య తినుబండారాన్ని ఉంచి, ఆ పలకల మధ్య విద్యుత్ క్షేత్రం దిశను సెకనుకు కోట్లసార్లు మారుస్తూ పోతే, అందులోని నీటి అణువులు దిశ మార్చుకోవడానికి ప్రయత్నిస్తూనూ, ఉప్పు వల్ల ఏర్పడిన అయానులు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, అటూ ఇటూ కదులుతూనూ చుట్టుపక్కల పదార్థంతో రాపిడి చెందుతాయి. ఆ రాపిడే వేడి. పెనం మీద వేడి పైపొర నుంచి లోపలికి నెమ్మదిగా పాకుతుంది, ఇక్కడ మాత్రం క్షేత్రం చొరబడినంత మేరా వేడి ఒకేసారి పుడుతుంది. ఒక ఘనపు సెంటీమీటరులో పుట్టే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది: తరంగపు పౌనఃపున్యం, అంటే సెకనుకు అది ఎన్నిసార్లు మారుతుందన్నది, పదార్థపు నష్టగుణకం, అంటే క్షేత్రపు శక్తిని వేడిగా మార్చుకునే గుణానికి కొలత, క్షేత్ర తీవ్రత. వీటిలో మొదటి రెండింటికీ వేడి సమ అనుపాతంలో పెరుగుతుంది, మూడోదానికి మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. ఈ వర్గం అన్న మాటకు ఎంత బరువుందో కరెంటు గురించి చెప్పుకునేచోట తెలుస్తుంది.

గడ్డకట్టిన పదార్థంతో వచ్చే చిక్కు నష్టగుణకంలో ఉంది. ఇళ్లలోని మైక్రోవేవ్ ఓవెను వాడే 2450 మెగాహెర్ట్జ్ దగ్గర ద్రవరూపంలోని నీరు, మంచుకంటే వేల రెట్లు ఎక్కువగా శక్తిని పీల్చుకుంటుంది. రొయ్య మాంసం శుద్ధమైన మంచు కాదు, మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా అందులో కొంత ఉప్పునీరు గడ్డకట్టకుండా మిగిలే ఉంటుంది కనుక తేడా అంత తీవ్రంగా ఉండదు. అయినా రొయ్యలను దిమ్మగా గడ్డకట్టించిన బ్లాకులో ఏదో ఒక మూల ముందుగా కరిగిందంటే, ఆ మూలే తర్వాత వచ్చే శక్తిలో అధిక భాగాన్ని లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా ఎక్కువ లాక్కుంటుంది, చివరకు మధ్యభాగం రాయిలా ఉండగానే అంచున ఉన్న రొయ్య ఉడికి ఎర్రబడుతుంది. ఉష్ణ పరుగు అని పిలవదగిన ఈ దోషాన్ని తప్పించుకునే మార్గాలు రెండు. ఒకటి తక్కువ పౌనఃపున్యానికి దిగడం: 2450 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో సుమారు 12 సెంటీమీటర్లు కాగా 27.12 మెగాహెర్ట్జ్ తరంగానిది 11 మీటర్లు, కాబట్టి బ్లాకు మందం ఎంతైనా దానికి పలచని పొరతో సమానమే, చొరబాటు సమస్య దాదాపుగా తీరిపోతుంది. రెండోది పూర్తిగా కరిగించకుండా మైనస్ 4, మైనస్ 3 డిగ్రీల దగ్గర ఆపేయడం. దీన్ని టెంపరింగ్ అంటారు. ఆ స్థితిలో బ్లాకును చేత్తో విడదీయవచ్చు, కత్తి దిగుతుంది, అయినా నీరు ఇంకా కారదు.

టెంపరింగ్ దగ్గర ఆగడం వల్ల కలిగే లాభం లెక్కల్లో స్పష్టంగా కనబడుతుంది. కొవ్వు తక్కువగా ఉన్న సముద్రపు ఆహారాన్ని మైనస్ 18 నుంచి మైనస్ 4 డిగ్రీలకు తేవడానికి కిలోకు సుమారు 70 కిలోజౌళ్లు చాలు. అక్కడి నుంచి సున్నా డిగ్రీలకు తేవాలంటే మాత్రం మిగిలిన మంచు గుప్తోష్ణం కలిసి దానికి రెండు మూడు రెట్లు కావాలి. ఆ మొదటి భాగానికి టన్ను సరుకుకు సుమారు 20 యూనిట్ల శక్తి అవసరం కాగా, మెయిన్స్ నుంచి ఆహారం దాకా సామర్థ్యం 60 శాతం అనుకుంటే మీటరు మీద 33 యూనిట్ల దాకా పడుతుంది. ఇది నెల్లూరు పరిశ్రమకు భారమైన అంకె కాదు. అదే పనిని నీటితో చేయాలంటే గంటల సమయం, పెద్ద పరిమాణంలో మంచినీరు, దాన్ని శుద్ధిచేసి వదిలే ఏర్పాటు కావాలి, మాంసరసం కారిపోయి తూకం తగ్గుతుంది, పైపొర సూక్ష్మజీవులు పెరిగే ఉష్ణోగ్రతలో చాలాసేపు ఉండిపోతుంది. రొయ్యల్లో కౌంటును, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కను, బట్టీ తూకాన్ని బట్టీ ధర కట్టే చోట ఒకటి రెండు శాతం తూకం నష్టం కూడా చిన్న విషయం కాదు.

ఈ పద్ధతి ఆవిర్భావం రేడియో ప్రసారాల నీడలోనే జరిగింది. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వెస్టింగ్‌హౌస్ సంస్థ 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరుకు రెండు లోహపు పలకలు తగిలించి, 60 మెగాహెర్ట్జ్ దగ్గర మాంసం, బంగాళాదుంపలు వండి చూపింది. అంటే మొదటి రేడియో పొయ్యి ఒక ప్రసార యంత్రమే. కొద్ది ఏళ్లకే బెల్ ప్రయోగశాలలకు చెందిన జోసెఫ్ చాఫీ, విద్యుత్తును సరిగా ప్రసరింపజేయని పదార్థాలను అధిక పౌనఃపున్య క్షేత్రంతో వేడిచేసే విధానానికి పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఇదే పద్ధతిని విమానాల చెక్కభాగాల్లో జిగురు త్వరగా గట్టిపడటానికి వాడారు. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ రాడారు కోసం రూపొందించిన కావిటీ మాగ్నెట్రాన్, వేల వాట్ల శక్తిని సెంటీమీటర్ల పొడవున్న తరంగాలుగా ఇవ్వగల మొదటి శూన్య గొట్టం (వాక్యూమ్ ట్యూబు) కావడంతో దారి మరోవైపు మళ్లింది. రేథియాన్ సంస్థలో పనిచేసిన పెర్సీ స్పెన్సర్ 1945లో దాన్ని ఆహారానికి వర్తింపజేస్తూ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1947లో వచ్చిన రాడారేంజ్ మనిషి ఎత్తున, సుమారు 340 కిలోల బరువుతో ఉండేది, దాని మాగ్నెట్రాన్‌ను చల్లబరచడానికి నీటి గొట్టాల అమరిక కావలసివచ్చేది. అదే 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశం పారిశ్రామిక, వైజ్ఞానిక, వైద్య అవసరాలకు 13.56, 27.12, 40.68, 2450 మెగాహెర్ట్జ్ వంటి పట్టీలను కేటాయించింది. నేటి యంత్రాలన్నీ ఆ కేటాయింపు గీసిన గీతల్లోనే నడుస్తున్నాయి. బిస్కెట్లను బట్టీ నుంచి తీశాక లోపల మిగిలిన తేమను సమం చేయడంలోనూ, మాంసపు బ్లాకుల టెంపరింగులోనూ రేడియో పౌనఃపున్యం స్థిరపడగా, ఇంటి వంటలో మాగ్నెట్రాన్ గెలిచింది.

భారతదేశానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. అమెరికాలో మాంసపు బ్లాకులకు విరివిగా వాడే 915 మెగాహెర్ట్జ్ పట్టీ అమెరికా ఖండాలకే పరిమితమైన కేటాయింపు; మన దేశంలో ఆ చుట్టుపక్కల పౌనఃపున్యాలు మొబైల్ ఫోన్లకు చెందుతాయి. కనుక అక్కడి యంత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి కృష్ణపట్నం దారిలో ఒక ప్లాంటులో బిగించడం సరైన ఆలోచన కాదు, 27.12 మెగాహెర్ట్జ్ మార్గమే ఇక్కడికి తగినది.

ఇప్పుడు అసలు విషయమైన శక్తి సరఫరాకు రావాలి. మాగ్నెట్రాన్ నడవడానికి సుమారు 4,000 వోల్టుల ఏకదిశ విద్యుత్తు కావాలి. మొదటి తరం ఇంటి ఓవెన్లలో బరువైన ఇనుప గుండె ఉన్న ట్రాన్స్‌ఫార్మరు మెయిన్స్ వోల్టేజిని 2,000 వోల్టుల పైచిలుకుకు పెంచితే, ఒక కెపాసిటరు, ఒక డయోడు కలిసి దాన్ని రెట్టింపు చేసేవి. ఇలాంటి అమరికలో శక్తిని తగ్గించాలంటే ఉన్న ఒకే దారి, గొట్టాన్ని కాసేపు పూర్తిగా వెలిగించి కాసేపు ఆర్పడం. గడ్డకట్టిన పదార్థం విషయంలో ఇది ఉష్ణ పరుగును పూర్తిగా ఆపలేదు. 1980ల చివర్లో జపాన్ తయారీదారులు ఇన్వర్టరు సరఫరాను ప్రవేశపెట్టారు: మెయిన్స్‌ను ముందు ఏకదిశగా మార్చి, వేగంగా తెరుచుకుని మూసుకునే అర్ధవాహక స్విచ్చులతో దాన్ని పదుల కిలోహెర్ట్జ్‌కు కోసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో పెంచడం దీని సారం. దీనివల్ల బరువు తగ్గింది, శక్తిని నిరంతరంగా తగ్గించి పెంచే వీలు కలిగింది, మెయిన్స్ వోల్టేజి పడిపోయినప్పుడు స్విచ్చులను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచి లోటును కొంతవరకు పూడ్చడం సాధ్యమైంది. సాయంత్రం వేళ లో వోల్టేజి అలవాటైన పల్లెలకు ఈ మూడో గుణమే ముఖ్యమైనదని చెప్పాలి.

పారిశ్రామిక స్థాయిలో ప్రయాణం వేరు. దశాబ్దాలపాటు రాజ్యమేలిన యంత్రంలో మూడు ఫేజుల 415 వోల్టుల సరఫరాను కొన్ని వేల వోల్టుల ఏకదిశకు పెంచి, ఒక పెద్ద ట్రయోడు గొట్టానికి ఇస్తారు. ఆ గొట్టం, పలకలు, వాటి మధ్య ఉన్న ఆహారం కలిసి ఒకే డోలక వలయంగా పనిచేస్తాయి. అంటే బ్లాకు కూడా యంత్రంలో ఒక భాగమే. ఈ సరళత దాని బలం, బలహీనత కూడా: బ్లాకు కరుగుతున్నకొద్దీ వలయం పౌనఃపున్యం జారుతుంది, కేటాయించిన పట్టీ మాత్రం 27.12 మెగాహెర్ట్జ్‌కు రెండువైపులా 0.6 శాతమే. దీనికి పరిష్కారంగా వచ్చినదే 50 ఓముల పద్ధతి. అందులో ఒక స్ఫటికం పౌనఃపున్యాన్ని నిలకడగా పట్టుకుంటుంది, దాన్ని పెంచిన యాంప్లిఫయరు శక్తిని కేబులు ద్వారా పంపుతుంది, పలకల దగ్గర మోటార్లతో తిరిగే కెపాసిటర్లున్న ఒక పొందిక పెట్టె, మారుతున్న బ్లాకు యాంప్లిఫయరుకు ఎప్పుడూ 50 ఓములుగానే కనిపించేలా సర్దుతూ ఉంటుంది. పొందిక తప్పినప్పుడు శక్తి వెనక్కి తిరిగి వస్తుంది. దాన్ని ప్రతిబింబిత శక్తి అంటారు. ఈ విభజన జరిగాకే యాంప్లిఫయరు స్థానంలో గొట్టానికి బదులు ట్రాన్సిస్టర్లు రావడానికి వీలు కలిగింది.

ఈ ట్రాన్సిస్టర్ల మార్గంలో, అంటే ఘనస్థితి మార్గంలో, మైలురాయిగా నిలిచేది నేథన్ సోకల్, అలెన్ సోకల్ 1975లో ప్రచురించిన క్లాస్ ఈ యాంప్లిఫయరు. స్విచ్చు ఆన్ అయ్యే ముందే దాని మీద వోల్టేజి సున్నాకు చేరేలా వలయాన్ని రూపొందిస్తే, స్విచ్చులోనే వేడిగా వృథా అయ్యే శక్తి దాదాపు లేకుండా పోతుందన్నది వారి ఆలోచన. తర్వాత ప్రసార కేంద్రాల కోసం వృద్ధిచెందిన 50 వోల్టుల ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్లు, 100 మెగాహెర్ట్జ్ లోపు ఒకే ప్యాకేజీ నుంచి కిలోవాటుకు పైగా ఇవ్వగల స్థాయికి చేరాయి. వాటిని పదుల సంఖ్యలో కలిపి పారిశ్రామిక యంత్రాన్ని నిర్మించవచ్చు, ఒకటి పాడైనా మిగిలినవి నడుస్తాయి. మిలే సంస్థ 2017లో బెర్లిన్‌లో ప్రదర్శించిన డైలాగ్ ఓవెను వెనక్కి వచ్చిన తరంగాన్ని కొలిచి, దాన్ని బట్టి పౌనఃపున్యాన్ని మారుస్తూ వండేది. ఇంటి మార్కెట్లో ధర దానికి అడ్డైంది. అయితే వెనక్కి వచ్చిన శక్తిని ప్రమాదంగా కాక సమాచారంగా చూడడం రొయ్యల బ్లాకు విషయంలో ఎంతో విలువైన ఆలోచన. బ్లాకు ఏ దశలో ఉందో అందులో గుచ్చిన థర్మామీటరుకంటే ముందుగా ఆ తరంగమే చెప్పగలదు.

ఈ దృష్టితో నెల్లూరు తీరానికి వస్తే ఒక విచిత్రమైన అమరిక ఎదురవుతుంది. ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల చొప్పున మూడు సూపర్‌క్రిటికల్ యూనిట్లున్నాయి. ఆ చుట్టుపక్కల ప్రైవేటు థర్మల్ కేంద్రాలు కూడా ఉన్నాయి. వేల మెగావాట్లు పుట్టే ఆ చోటికి అతి సమీపంలోనే, ఫీడరు, అంటే పంపిణీ తీగ, చివరన ఉన్న గుంటల దగ్గర రాత్రివేళ వోల్టేజి పడిపోయే పరిస్థితి ఉంటుంది. కారణం ఉత్పత్తి కొరత కాదు, పంపిణీ స్వభావం. 1990ల తొలి సంవత్సరాల్లో టైగరు రొయ్యతో మొదలైన సాగును 1994–95లో తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీసింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదిలే సాగు సాధ్యమై, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు లేకుండా పంట తీయడం అసాధ్యమైంది. సూర్యాస్తమయం తర్వాత గుంటలోని సూక్ష్మ వృక్షజాలం ప్రాణవాయువును తయారుచేయడం మాని తానే వాడుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి తెల్లవారుజామున ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది, ఆ వేళకే వేలాది ఏరేటరు మోటార్లు ఒకేసారి తిరుగుతుంటాయి. ఇండక్షన్ మోటార్లు వోల్టేజిని నిలపడానికి అవసరమైన ప్రతిచర్యా శక్తిని కూడా లాగుతాయి, పొడవైన తీగలో నష్టం పెరుగుతుంది. దానికి తోడు ఉప్పుగాలి ఇన్సులేటర్ల మీద పొరలా పేరుకుని, మంచు కురిసిన రాత్రుల్లో విద్యుత్తు మెరుపులా దూకే ఫ్లాష్‌ఓవర్లకు దారితీస్తుంది. తుపాన్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు, 2023 డిసెంబరులో మిచాంగ్ ఈ తీరం పక్కనుంచే సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. 2019లో ఆక్వా రైతులకు యూనిట్ ధరను రూ.1.50కి తగ్గించడం గొప్ప ఊరట. కానీ ధర తగ్గింపు తీగ చివరి వోల్టేజిని పెంచదు, ఆ సంగతిని విధానకర్తలు గుర్తించవలసి ఉంది.

గుంటల ఫీడరూ, ప్రాసెసింగ్ ప్లాంటుకు వచ్చే అధిక వోల్టేజి లైనూ వేరువేరు కావచ్చు. అయినా సబ్‌స్టేషను దగ్గర వచ్చే ఒడుదుడుకులు రెండింటికీ చేరతాయి. పాత ట్రయోడు యంత్రంలో మెయిన్స్ వోల్టేజి 10 శాతం తగ్గితే పలకల మీది వోల్టేజి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. వేడి క్షేత్రపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది సుమారు 19 శాతం పడిపోతుంది. బ్లాకులను పలకల మధ్య నుంచి నడిపించే బెల్టు మాత్రం అదే వేగంతో నడుస్తుంది, చివరన బయటికి వచ్చే బ్లాకు లోపల గట్టిగానే ఉంటుంది. కార్మికుడు దాన్ని మళ్లీ పంపిస్తాడు, రెండోసారి అంచులు ఉడుకుతాయి. గొట్టపు ఫిలమెంటు వేడి కూడా మెయిన్స్ మీదే ఆధారపడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఘనస్థితి యంత్రంలో మెయిన్స్‌కూ 50 వోల్టుల ట్రాన్సిస్టర్లకూ మధ్య ఉండే స్విచింగ్ సరఫరా, పెద్ద మార్పులను తానే భరించి అవతలి వోల్టేజిని కదలనివ్వదు, కెపాసిటర్లలోని నిల్వ క్షణకాలపు కోతలను దాటిస్తుంది, డీజిల్ జనరేటరు మీదకు మారినప్పుడు పౌనఃపున్యం కొంత అటూ ఇటూ అయినా పట్టించుకోదు. యంత్రం ఖరీదు ఎక్కువే, అయినా ఈ తీరంలో ఎంపిక ఘనస్థితి వైపే ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు. గొట్టపు యంత్రం చవక అనే వాదన స్థిరమైన సరఫరా ఉన్న దేశాల లెక్క.

రొయ్యకు ప్రత్యేకమైన సమస్యలు కూడా ఉన్నాయి. ప్లాంట్లలో రొయ్యను ఉప్పు, ఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టే పద్ధతి ఉంది. అలా చేరిన అయానులు 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర వేడిని పుట్టించే ముఖ్య కారకాలు కాబట్టి, నానిన సరుకూ నానని సరుకూ ఒకే బెల్టు మీద ఒకే అమరికతో పోతే ఫలితం ఒకేలా ఉండదు. తలతో ఉన్న రొయ్యకు ముక్కుముల్లు, మీసాలు ఉంటాయి; కొనతేలిన భాగాల దగ్గర క్షేత్రం గుమికూడుతుంది కనుక గాలి ఖాళీ ఉన్నచోట నిప్పురవ్వ లేచి పాలిథీను మాడే ప్రమాదం ఉంది. నలుచదరంగా, గ్లేజింగ్ చేసి (పైన పలుచని మంచు పొర పట్టించి), లోహపు క్లిప్పులు లేని అట్టపెట్టెలో ఉన్న, తల తీసిన రొయ్యల బ్లాకు ఈ యంత్రానికి అన్నిటికంటే అనువైనది. విడివిడిగా గడ్డకట్టించిన రొయ్యకు ఈ యంత్రం అవసరమే తక్కువ, చల్లని గాలిలోనే అది త్వరగా కరుగుతుంది.

సముద్రతీరం కావడం వల్ల వచ్చే మరో బాధ్యత ఉంది. కవచం సరిగా లేని యంత్రం నుంచి మూల పౌనఃపున్యమే కాక దాని గుణిజాలు కూడా వెలువడతాయి, 27.12కు ఆరో గుణిజం 162.72 మెగాహెర్ట్జ్, ఓడలు తమ ఉనికిని తెలిపే స్వయంచాలక గుర్తింపు వ్యవస్థ వాడే 162.025కు పొరుగునే ఉంటుంది. కృష్ణపట్నం ఓడరేవుకు వచ్చే నౌకలు, జువ్వలదిన్నె నుంచి వేటకు వెళ్లే పడవలు, ఇదే తీరం దక్షిణ కొసన ఉన్న శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఇవన్నీ నిశ్శబ్దమైన రేడియో పరిసరాలను కోరేవే. బెల్టు లోపలికీ బయటికీ పోయే ద్వారాలకు తగిన పొడవు సొరంగాలు, తలుపులకు లోహపు స్పర్శ పట్టీలు, అవి ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తరచు తనిఖీ, ఇవి ఐచ్ఛికాలు కావు.

చేయవలసిన పరిశోధన ఈ జిల్లా చేతికందే దూరంలోనే ఉంది. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసే సమీర్ సంస్థకు చెన్నైలోనూ విశాఖలోనూ శాఖలున్నాయి. వనామీ మాంసపు నష్టగుణకాన్ని మైనస్ 20 నుంచి సున్నా దాకా, నానబెట్టిన స్థితిలోనూ నానబెట్టని స్థితిలోనూ, 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర వరుసగా కొలిచి పట్టికగా పెట్టడం మొదటి పని. ఆ పట్టిక చేతిలో ఉంటే పొందిక పెట్టె రూపకల్పన ఊహ మీద కాక లెక్క మీద నడుస్తుంది. ఆహారశాస్త్రం తెలిసినవారూ పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవారూ ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఇది జరగదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ముడి బ్లాకు రూపంలో ఒకే దేశానికి అమ్ముడయ్యే సరుకు ఎంత నిస్సహాయమైందో తీరమంతా చూసింది. వేరే మార్కెట్లకు పిండి పూత పూసిన, మసాలా పట్టించిన, ఉడికించిన రొయ్యను పంపాలంటే, నిల్వ ఉన్న బ్లాకును అవసరమైన రోజున, అవసరమైనంతే, తూకం పోకుండా తెరవగల సాధనం కావాలి.

ఆ యంత్రం ఏ వేళ నడవాలన్నది కూడా ముందే ఆలోచించవలసిన విషయం. ఏరేటర్ల భారం రాత్రిది, రాష్ట్రంలో సౌరవిద్యుత్తు పగటిది. శీతల గిడ్డంగిలోని బ్లాకు కొన్ని గంటలు ఆగినా చెడదు, కాబట్టి టెంపరింగును ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు మధ్యకు నియమించుకోవచ్చు. రోజుకు 10 టన్నుల బ్లాకులు తెరిచే ప్లాంటుకు పైన వేసిన లెక్క ప్రకారం కావలసింది సుమారు 330 యూనిట్లు; ఏడు గంటలకు పంచితే సగటున 47 కిలోవాట్లు. ఎండ బాగా ఉన్న రోజుల్లో ఆ భారంలో పెద్ద భాగాన్ని ప్లాంటు సొంత పైకప్పు మీది సౌర పలకలే మోయగలవు, ఘనస్థితి యంత్రానికి చివరకు కావలసింది ఏకదిశ విద్యుత్తే కనుక మధ్యలో జరిగే మార్పిళ్లలో ఒకదాన్ని తొలగించే వీలు కూడా రూపకర్తలకు ఉంది.